గీకని కవరు

రేపల్లె,
ఆదివారం.

చి. లహరికి తాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి, "కార్డు నంబరు అడుగుతోంది తాతయ్యా, ఇది నిజమేనా?" అన్నావు. కాదు, ఆపెయ్ అని రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశాను. ముప్పై ఎనిమిదేళ్లు ఉత్తరాల మధ్య బతికినవాణ్ని. కాగితం మీదైతే తప్ప నాకు మాట సాగదు.

ఆ మెసేజ్ నేనూ చూశాను. మన ఫ్యామిలీ గ్రూపులో పడేశావుగా! పేరున్న షాపింగ్ కంపెనీ వార్షికోత్సవమట, చక్రం తిప్పితే 5,000 రూపాయల గిఫ్ట్ కార్డట. మొదటిసారి పోయింది, రెండోసారి తగిలింది, అవునా? అందరికీ రెండోసారే తగులుతుంది. మీ మావయ్యకూ అంతే. అది చక్రం కాదమ్మా, చక్రం బొమ్మ. ఎక్కడ ఆగాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. మొదటిసారి పోగొట్టడంలోనే ఉంది వాళ్ల తెలివంతా. వెంటనే తగిలితే అనుమానం వస్తుంది, చేజారబోయి దక్కితే మన అదృష్టమే అనిపిస్తుంది. కింద "నాకు కార్డు అందింది" అని మురిసిపోతున్నవాళ్లంతా బొమ్మలే. నాలుగు నిమిషాలే మిగిలిందని తరిమే ఆ గడియారం, పేజీ మూసి తెరిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఆ తర్వాత ఇరవై మందికి పంపమంది, పంపావు. అక్కడ వాళ్లకు కావలసింది నీ డబ్బు కాదు, నీ పేరు. తెలియని నంబరు నుంచి వస్తే మీ పిన్ని ముట్టుకోదు, లహరి పంపిందంటే తెరుస్తుంది. నిన్ను జీతం లేని పోస్ట్‌మాన్‌ని చేశారు. ఈ ఉత్తరం అందేదాకా ఆగకుండా నువ్వే ఆ గ్రూపులన్నిట్లో "నేను పంపింది మోసం, తెరవకండి" అని రాసి ఉంటావనుకుంటాను. రాయకపోతే ముందు ఆ పని చేసి మిగతాది చదువు.

లింకు చూసి అసలుదో నకిలీదో ఎలా చెప్పాలని అడిగావు. తపాలా సార్టింగులో మేం అడ్రసు కింద నుంచి పైకి చదివేవాళ్లం. పిన్ కోడ్, ఊరు, వీధి, ఆఖరికి పేరు. మొదటి గీతలో ఎంత గొప్పవాడి పేరున్నా ఉత్తరం పోయేది పిన్ కోడ్ చెప్పిన ఊరికే. లింకూ అంతే. మొదట్లో కనిపించే జంట గీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత దగ్గర వేలు పెట్టు. అక్కణ్నుంచి వెనక్కి చదువు. డాట్ కామో, డాట్ ఇన్నో, మరేదో ఉంటుంది. దాన్ని అంటుకుని ఎడమ పక్కనున్న మాటే అసలు ఊరు. దానికి ముందు ఆ కంపెనీ పేరు ఎంత పెద్దగా ఉన్నా అది గుమ్మానికి తగిలించిన బోర్డు, ఎవడైనా తగిలించుకోవచ్చు. పక్కనున్న తాళంకప్ప గుర్తు చూసి నమ్మకు. దారిలో ఎవరూ చూడరని దాని అర్థం, అవతలివాడు మంచివాడని కాదు.

ఈ మోసమేదో ఫోన్లతో పుట్టిన విద్య అనుకునేవు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పత్రికల్లో పజిల్ ప్రకటనలు వచ్చేవి. తొమ్మిది గళ్లు నింపి పంపితే చాలు, "మీరు ట్రాన్సిస్టర్ గెలిచారు" అని జవాబు. కొన్నాళ్లకు వీపీపీ పార్సెల్ దిగేది. డబ్బు కడితేనే చేతికిస్తాం, కట్టకముందు విప్పి చూడనివ్వం. అది మా రూలు. ఒక కౌలురైతు నా కౌంటరు ముందే 95 రూపాయలు లెక్కపెట్టి కట్టి, అక్కడే విప్పాడు. పాత పేపర్లలో చుట్టిన ఇటుక! అతను నన్నేమీ అనలేదు. ఆ ఇటుక నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అదే కౌంటర్లో మనియార్డర్లూ ఇచ్చేవాళ్లం. నూటికి 5 రూపాయల కమీషను, అదీ పంపినవాడే కట్టాలి. అందుకున్నవాడు సంతకం పెట్టి డబ్బు తీసుకోవడమే. నిజంగా నీకు డబ్బు పంపేవాడు నీ దగ్గర వసూలు చెయ్యడు. యూపీఐలో కూడా డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే పోవడానికే.

ఇంత తెలిసినవాణ్ని, నేనే పడ్డాను. రాత్రి ఫోన్లో చెప్పలేకపోయింది ఇదే.

రిటైరయ్యాక ఒక ఆన్‌లైన్ దుకాణంలో మిక్సీ తెప్పించాను. రెండు నెలలకు నా పేరున స్పీడ్ పోస్టులో కవరొచ్చింది. లోపల గీకే కార్డు. గీకితే కారు, వద్దంటే ఎనిమిది లక్షలు. నా పేరు తప్పుల్లేకుండా ఉంది, డోర్ నంబరుంది, కొన్నది మిక్సీ అని కూడా ఉంది. అంతకంటే, ఆ బార్‌కోడు! అలాంటివి లక్షలు నా చేతుల మీదుగా వెళ్లాయి. తపాలా కవరును మోస్తుందే తప్ప లోపలి మాటకు పూచీ పడదని పోస్టుమాస్టరుగా పనిచేసినవాడికి ఇంకొకరు చెప్పాలా? అయినా నమ్మాను. రిజిస్ట్రేషన్‌కు 6,500 కట్టాను. తర్వాత పన్ను అన్నారు, 18,000. ఇక్కడే వాళ్లు గట్టివాళ్లు. బహుమతి మీద పన్ను ఉన్నమాట నిజమే, 10,000 దాటితే నూటికి 30. కానీ నగదైతే ఇచ్చేవాడే కోసుకుని మిగతాది ఇస్తాడు. కారులాంటి వస్తువైతే అది చేతికొచ్చే ముందు పన్ను చేరాలి, చేరేది ప్రభుత్వ ఖాతాకు, పాన్ నంబరుతో, చలానా మీద. నేను పంపింది ఎవరో కుర్రాడి యూపీఐకి. మూడోసారి ఇన్సూరెన్సు అన్నప్పుడు గానీ నాకా ఇటుక గుర్తుకు రాలేదు.

అది గుర్తొచ్చాక కూడా తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. నా అసలు తప్పు ఇదే లహరీ, డబ్బు కట్టడం కాదు. పోస్టుమాస్టరు గారు స్క్రాచ్ కార్డుకు పడ్డాడని బజార్లో అనుకుంటారని భయం. పదో రోజున సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఆ సొమ్ము అప్పటికే నాలుగు ఖాతాలు మారిపోయిందని. ఆ నంబరు ఉన్నదే పోయిన గంటలోపు చెబితే దారిలో ఎక్కడో ఒకచోట సొమ్మును నిలబెట్టడానికి. రెండు నెలలయ్యాక సైబర్ సెల్ నుంచంటూ ఇంకొకడు ఫోన్ చేశాడు, 2,000 కడితే పోయినదంతా ఇప్పిస్తానని. ఒకసారి పడ్డవాళ్ల జాబితా చేతులు మారుతుందన్నమాట.

నిన్న నీ ఫోన్ పెట్టేశాక మీ అమ్మమ్మకు చెప్పేశాను, మూడేళ్ల తర్వాత. ఆవిడ కూర తరుగుతూ, "పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించిన రోజే చూశాను, మీరే చెబుతారని ఊరుకున్నా" అంది. మూడేళ్లూ నేనొక్కణ్నే దాచాననుకున్నాను.

నీ సంగతికొస్తా. డబ్బు పోలేదు. పేరు, ఫోన్ నంబరు, పుట్టినతేదీ ఇచ్చావు కాబట్టి కొన్నాళ్లు ఫోన్లొస్తాయి. బ్యాంకంటారు, కొరియరంటారు. నీ పుట్టినతేదీ వాళ్లే చెప్పి నమ్మిస్తారు. అది నువ్విచ్చినదే. "కార్డు తీసుకోవడానికి యాప్" అని ఏపీకే ఫైలు పంపితే ముట్టుకోకు, నీకొచ్చే ఓటీపీలు వాళ్లు చదువుకోవడానికే అది. ఎప్పుడైనా పొరపాటున వేశావా, ఆ ఫోన్‌కు నెట్ ఆపేసి, పక్కనున్న పిల్ల ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పు. మెసేజ్‌లు చెరిపెయ్యకు, స్క్రీన్‌షాట్లు తీసుకో. ఇప్పటిలా డబ్బు పోకుండా బయటపడ్డప్పుడు సంచార్ సాథీ అనే సర్కారు సైటులో చక్షు అని ఉంది, మెసేజ్ వచ్చిన నంబరు అక్కడ పెట్టు. రూపాయి పోయినా 1930, ఆ లైను దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. యూపీఐ లావాదేవీకి 12 అంకెల నంబరుంటుంది, అది చేతిలో పెట్టుకుని చెయ్యి. వెంటనే బ్యాంకుకూ చెప్పాలి. 2017లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం, మన చేతులతో మనమే వివరాలిచ్చి పోగొట్టుకున్నది మనదే, బ్యాంకుకు చెప్పిన క్షణం తర్వాత పోయేది వాళ్లది. అందుకనే నా తొమ్మిది రోజులు నన్నింకా గుచ్చుతాయి.

ఇంకొకటి. వచ్చే ఏడాది ఇంటర్న్‌షిప్ అంటున్నావు. మీ ఆఫీసు పెద్దాయన ఫొటోతో కొత్త నంబరు నుంచి వాట్సాప్ రావచ్చు, "మీటింగులో ఉన్నాను, అర్జెంటుగా పది గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపు, సాయంత్రం ఇచ్చేస్తా" అని. డల్లాస్‌లో మీ పెద్దన్నయ్యకు వీసా ఆఫీసు పేరుతోనే బెదిరింపు ఫోనొచ్చింది, జరిమానా గిఫ్ట్ కార్డుల్లో కట్టమని. ఏ దేశంలోనూ ఏ సర్కారు ఆఫీసూ గిఫ్ట్ కార్డుల్లో వసూలు చెయ్యదు. పేరు రాయని పోస్టలార్డరు లాంటిది ఆ కార్డు, నంబరు చదివి వినిపిస్తే వాడి జేబులో పడ్డట్టే. మీ పెద్దన్నయ్య ఆ ఫోన్ పెట్టేశాడు. నువ్వైతే పెద్దాయన పాత నంబరుకు ఒక్క ఫోన్ చెయ్యి. "చిన్న విషయానికి ఫోన్ చేశావేం" అని ఆయన విసుక్కుంటే విసుక్కోనీ.

మొన్న ఇంకో కవరొచ్చింది, ఈసారి మీ అమ్మమ్మ పేరున. మళ్లీ గీకే కార్డే. గీకలేదు, ఇటుక పక్కనే పెట్టాను. అవును, ఆ ఇటుక ఇంకా నా దగ్గరే ఉంది, దొడ్లో తులసికోట పక్కన. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ కార్డు నువ్వే గీకుదువుగాని, ఈసారి ఏ కారో చూద్దాం.

ఇట్లు,
తాతయ్య

తా.క. సున్నుండలు బస్సులో పంపిస్తున్నాను. చార్జీ ఇక్కడే కట్టేశాను, అక్కడ ఎవరైనా అడిగితే ఇవ్వకు.