చేతిలోని తెర, చేజారిన నిద్ర

కువైటు నగరమందలి షర్క్ ప్రాంతమున, అల్ హమ్రా వంటి ఆకాశమంటు సౌధముల నడుమను, సముద్రపుటొడ్డున గల విపణుల చెంతను కార్లు నిలుపుకొని, యజమాని కుటుంబ మెప్పుడు పిలుచునోయని గంటలకొలది కాచియుండు హౌస్ డ్రైవర్లలో కడప, రాజంపేట, గోదావరి సీమలనుండి వచ్చిన తెలుగువారును కలరు. వారి చేతిలో ఫోను లేని ఘడియ అరుదు. దానిని చూచి వీరికి ఫోను పిచ్చి పట్టినదనుట సులభమే గాని, గంటలను మాత్రము లెక్కించి వ్యసనమని తీర్మానించుట న్యాయము కాదు. బిడ్డ ముఖమును వీడియోలో చూచుకొనుటయు, పంపిన సొమ్ము ఇంటికి చేరినదో లేదో అడిగి తెలిసికొనుటయు వ్యసనమే యైనచో, ప్రవాసజీవనమునే రోగమనవలసివచ్చును!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలులోనికి తెచ్చిన రోగవర్గీకరణమున వీడియో గేముల వ్యసనమునకు స్థానము లభించినది. వీడియోలు చూచుట కట్టి ప్రత్యేకస్థానము లేదు. అయినను గేముల విషయమున అచట చెప్పబడిన లక్షణములు, అనగా ఆపదలచియు ఆపుకొనలేకపోవుట, తక్కిన పనులకంటె దానికే ప్రాధాన్యము పెరుగుట, హాని కన్నుల యెదుట కనబడుచున్నను విడువలేకుండుట, ఎవరిని వారు పరీక్షించుకొనుటకు చాలును. బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 2014లోనే ఇట్టి లక్షణములు గలవారికై ప్రత్యేక చికిత్సాలయమును తెరచినది.

ఇట్లు విడువలేకుండుటకు కారణము లేకపోలేదు. ఎప్పుడు దొరకునో తెలియని ఫలమునకై ప్రాణి విసుగెరుగక యత్నించుచుండునని అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ పావురములపై పరీక్షించి చూపెను. రీల్సను పొట్టి వీడియోల వరుసయు నట్టిదే: నాలుగు చప్పగా నుండును, అయిదవది కడుపుబ్బ నవ్వించును, ఆ అయిదవదానికై వ్రేలు తెరపై కదలుచునే యుండును, వరుసకు తుది లేదు.

అయితే ప్రవాసి విషయమున అసలు చిక్కు గడియారములో నున్నదని నా యభిప్రాయము. కువైటున రాత్రి పదిగంటలకు పని ముగిసి మంచముపై వ్రాలునప్పటికి మన యూళ్లలో పన్నెండున్నర, ఇల్లు నిద్రించుచుండును. పలుకరించువారు లేని ఆ వేళను వీడియోలు ఆక్రమించుకొనును. వేకువనే యజమాని బిడ్డలను బడికి చేర్చవలసిన డ్రైవరునకు ఆ నిద్రలేమి ప్రాణాపాయము కూడను. అదే కారులో కాచియుండు మధ్యాహ్నము పన్నెండు గంటలకు ఇంటివద్ద రెండున్నర, అందరును మేలుకొని యుందురు. ఆ విలువైన వేళయు రీల్సు పాలగుట మిక్కిలి శోచనీయము.

కావున సోదరులారా, కాచియుండు వేళను ఇంటి మాటలకు వినియోగింపుడు. రాత్రి ఫోనును మంచమున కందనంత దూరమున నుంచుడు. అట్లు చేయబూనియు మరల మరల తప్పిపోవుచున్నచో, సిగ్గుపడక మానసిక వైద్యుని సంప్రదింపుడు.