బ్రేకు ప్యాడ్లలో మొక్కల నార : మన వర్తకులు చూసుకోవలసిన లెక్క

మోటారు బ్రేకు ప్యాడ్లలో కృత్రిమ పీచుకు బదులుగా జూట్, జనుము, గోగు, కిత్తనార వంటివి వాడవచ్చునని అనేక దేశాలలో పరీక్షలు జరిగినవి. ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నవి. అయితే ఈ మాట మీద సరుకు నిల్వ పెట్టదలచినవారు, రైతులకు బయానా ఇవ్వదలచినవారు, ఆ సరుకు ఎంత పడుతుందో, ఏ రూపంలో కావాలో ముందుగా చూసుకోవడం మంచిది.

ప్యాడ్ అనగా ఇనుప పలకకు అంటించిన దిమ్మ. ఫినాలిక్ రెసిన్ అనే జిగురు, బెరైటీస్ వంటి ఖనిజాల పొడి, గ్రాఫైట్, లోహపు రజను, కొంత పీచు కలిపి, వేడి మీద అచ్చులో నొక్కి దీనిని తయారు చేస్తారు. పొడులు విడిపోకుండా పట్టి ఉంచడం, దిమ్మ పగలకుండా చూడడం పీచు పని.

ఈ పనికి మొక్కల నార కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో 1897లో ఫెరోడో సంస్థను ప్రారంభించిన హెర్బర్ట్ ఫ్రూడ్ తొలినాళ్లలో జిగురు పట్టించిన నూలు నేతనే బ్రేకులకు వాడినాడు. వేగం పెరిగిన కొద్దీ నూలు మాడిపోసాగింది, ఆస్‌బెస్టాస్ వచ్చింది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ ఆ ఖనిజాన్ని తవ్వినారు. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలడంతో 1986లో కేంద్రం కొత్త గనుల లీజులు నిలిపివేసింది. అమెరికా 2024లో క్రిసోటైల్ రకాన్ని బ్రేకు సామానుతో సహా నిషేధించింది. ఆ ఖాళీలోకి వచ్చినదే అరమిడ్ పీచు. డ్యూపాంట్ కంపెనీలో 1965లో రూపొందిన కెవ్లార్ ఈ జాతిదే. రంగు పసుపే గాని ధర కోరుట్ల, మెట్‌పల్లి పసుపుతో పోల్చదగినది కాదు. ఈ ఖరీదే మళ్లీ మొక్కల నార వైపు చూపు తిప్పుతున్నది.

సిరిసిల్లవారు ఒక విషయం గమనించాలి. మరమగ్గాల మీద నడిచే పాలియెస్టర్ కూడా కృత్రిమమే గాని, అది సుమారు 260 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగిపోతుంది. బ్రేకులో దానికి చోటు లేదు. కనుక నార వచ్చినా పాలియెస్టర్ నూలు ధారణకు ఇక్కడ జరిగే లాభనష్టాలేవీ లేవు.

మొక్కల నార కరగదు గాని, 220 డిగ్రీలు దాటిన తరువాత కొద్దికొద్దిగా చెడడం ప్రారంభించి, 300 పైన త్వరగా బొగ్గవుతుంది. ఊరిలో తిరిగే బండికి ఇబ్బంది తక్కువ. ఘాటు రోడ్డు దిగే లారీ బ్రేకు అంతకు మించి కాలుతుంది. అందుకే పరీక్షలలో నూటికి 5, 6 పాళ్ల దాకా నార బాగా పనిచేసినా, అంతకు మించితే అరుగుదల పెరిగినట్లు ఎక్కువగా కనిపిస్తున్నది.

ఇప్పుడు లెక్క. ఒక కారు ముందు చక్రాల ప్యాడ్ల మందు మొత్తం ఒక కిలో అనుకొందాం. 5 పాళ్లంటే 50 గ్రాముల నార. లక్ష కార్లకు 50 క్వింటాళ్లు! జనుము ఎకరానికి 3, 4 క్వింటాళ్ల నార ఇస్తుంది గనుక ఇరవై ఎకరాల పంట చాలును. లారీ లైనర్ల బరువు ఎక్కువని పది రెట్లు పెంచినా 200 ఎకరాలకు మించదు. మండీ నడిపే సరుకు కాదిది.

నారకు రాశి గిరాకీ బార్దానాలోనే ఉన్నది. ఆహారధాన్యాలు, చక్కెరలకు జూట్ సంచులు నిర్బంధం చేసే చట్టం 1987 నాటిది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం వరంగల్, కామారెడ్డి, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో జూట్ మిల్లులకు ఒప్పందాలు చేసుకొన్నది కూడా సంచుల కోసమే. టి.డి.-3 రకం ముడి జూట్‌కు 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలు. బ్రేకు నారకు ఎవరు ధర చెప్పినా ముందు ఈ అంకెతో పోల్చి చూడాలి.

పేర్ల గందరగోళం ఒకటి ఉన్నది. జనపనార అని పత్రికలు రాసేది సాధారణంగా జూట్. మన జగిత్యాల పొలాలలో పచ్చిరొట్టగా చల్లే జనుము వేరు మొక్క, పప్పుజాతిది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పండే గోగు మూడవది, గోంగూరకు చుట్టం. బేరంలో ఏది అన్నది కాగితం మీద రాయించుకోకపోతే తగాదా తప్పదు. పైగా మన రైతు జనుమును 45, 50 రోజులకు పూత మీద కలియదున్నుతాడు. నారకైతే 90 రోజులైనా నిలపాలి, ఆపైన నీటిలో ఊరవేయాలి. వానాకాలం నాట్లు వదులుకొని ఆ పని చేయమని రైతుకు చెప్పే ధైర్యం ఈ లెక్క మీద ఎవరికీ ఉండరాదు.

ఇక మొక్కల సరుకులో బ్రేకులకు ఏనాటి నుంచో పోతున్నది మరొకటి ఉన్నది: జీడి గింజ తొక్క నూనె. దానిని గట్టిపరచి పొడి చేసినదే ఫ్రిక్షన్ డస్ట్. పలాసలో పప్పు తీసిన తరువాత మిగిలే తొక్కకు ధర రావడంలో ఈ నూనెకు భాగమున్నది. అక్కడ గిట్టుబాటయ్యింది పప్పు సొమ్ము ముందే చేతికి రావడం వల్ల, తొక్క ఉపసరుకు. నార కోసమే పంట వేస్తే ఆ వెసులుబాటు లేదు.

నమూనా అడిగే పారిశ్రామికులు తగిలితే వారికి బేళ్లు పనికిరావు. కొద్ది మిల్లీమీటర్ల పొడవున సమంగా తరిగి, కాస్టిక్ సోడాలో కడిగి, జిగురు పట్టేటట్లు చేసిన నార కావాలి. అన్నిటికంటె తేమ ముఖ్యం. పూర్తిగా ఎండిన 100 కిలోల జూట్ మీద 13.75 కిలోల తేమ వర్తకపు లెక్కలో అనుమతి, నూలుకు 8.5, పాలియెస్టర్‌కు 0.4 మాత్రమే. అంత తేమతో అచ్చులోకి పోతే 150 డిగ్రీల వేడికి ఆవిరి లేచి దిమ్మ ఉబ్బి పగులుతుంది, లాటంతా తిరిగి వస్తుంది. కనుక ఎండు తూకం మీదనే ధర మాట్లాడుకొని, ఆరబెట్టే ఖర్చు, తరుగు ఎవరివో మొదటి రోజే తేల్చుకోవాలి.