కొండెక్కే ముందు బ్యాగు సర్దుకుందాం



2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరంపై నిలబడ్డారు. ఇద్దరూ మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవారే. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. భువనగిరి బండ మీద మొదలైన వారి శిక్షణ డార్జిలింగ్, లడఖ్ దాటి 8,848 మీటర్ల ఎత్తుకు చేర్చింది.

ఈ విజయం గురించి మనమందరం విన్నాం. కానీ కొండ మీదికి ఏం తీసుకెళ్లాలి, ఎలా సర్దుకోవాలి అనే పాఠం మన పుస్తకాల్లో లేదు. ఎవరెస్టు సంగతి వేరు, దానికి ఏళ్ల శిక్షణ కావాలి. నాలుగైదు రోజులు గుడారంతో హిమాలయాల్లో నడిచే ట్రెక్కింగ్ మాత్రం ఆరోగ్యంగా ఉన్న ఏ విద్యార్థికైనా సాధ్యమే. అలాంటి అవకాశం వచ్చినప్పుడు "నా దగ్గర సామాన్లు లేవు" అని ఎవరూ ఆగిపోకూడదనే ఈ వ్యాసం.

1. బరువు లెక్క

బ్యాగు బరువు మన శరీర బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు లోపు ఉండాలి. 50 కిలోల మనిషికి 10 నుంచి 12 కిలోలు. గుడారం, తిండి, నీళ్లు అన్నీ ఇందులోకే వస్తాయి. లీటరు నీళ్లంటేనే కిలో బరువు!

ముందుగా సామానంతా నేల మీద పరిచి మూడు కుప్పలు చేయండి: తప్పనిసరివి, ఉంటే మంచివి, ఊరికే పెట్టుకున్నవి. మూడో కుప్పను ఇంట్లోనే వదిలేయండి. రెండో కుప్పలో సగం తీసేయండి. ఒక్క ట్రంకు పెట్టెతో ఏడాదంతా గడిపే మనకు ఇది కొత్త విద్య కాదు.

2. చలి కంటే తడి ప్రమాదం

వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ కంటే మూడు వేల మీటర్లు ఎత్తయిన చోట, ఎత్తు వల్లనే దాదాపు 20 డిగ్రీల తేడా వస్తుంది. గాలి, మంచు దీనికి అదనం. అక్కడ తడి బట్టలతో ఉంటే ఒంట్లో వేడి త్వరగా పోతుంది, అది ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే జీన్స్, నూలు బనియన్లు వద్దు. అవి చెమట పీల్చుకుని ఆరవు. ఒంటిని అంటి పాలిస్టర్ టీషర్టు, దానిపై ఉన్ని స్వెట్టరు, పైన గాలిని, వానను ఆపే కోటు. ఇలా మూడు పొరలు చాలు. నడవడానికి రెండు జతలు, పడుకోవడానికి ఒక జత పెట్టుకోండి. పడుకునే జత, ఒక జత సాక్సులు ఎప్పుడూ పొడిగా ఉండాలి. పొద్దున నడిచే బట్టలు చెమ్మగా ఉన్నా సరే, రాత్రి జతను నడకకు వాడకూడదు. టోపీ, చేతి తొడుగులు మరవకండి.

3. గుడారం

ఇద్దరు పట్టే గుడారం సుమారు మూడు కిలోలు ఉంటుంది. ఒకరు బట్ట, మరొకరు కడ్డీలు, మేకులు పంచుకుని మోయాలి. స్లీపింగ్ బ్యాగు ఎంత మంచిదైనా కింద మ్యాట్ లేకపోతే నేల మన వేడిని లాగేస్తుంది. బయల్దేరే ముందే హాస్టల్ ఆవరణలో రెండుసార్లు గుడారం వేసి చూడండి, మేకులు లెక్కపెట్టండి. చీకట్లో, వానలో నేర్చుకోవడం కష్టం.

గుడారం లోపల స్టవ్ ఎప్పుడూ వెలిగించకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గాలి ఆడే కిటికీని కొంచెం తెరిచి ఉంచాలి.

4. సర్దే వరస

బ్యాగు లోపల ముందుగా మందపాటి పాలిథిన్ కవరు పరచండి. అడుగున స్లీపింగ్ బ్యాగు, రాత్రి బట్టలు. నడుమ, వీపుకు ఆనేలా బరువైనవి: గుడారం, తిండి. వాటి చుట్టూ మిగతా బట్టలు. అన్నిటికంటే పైన వాన కోటు. పై జేబులో టార్చి, మందులు, చిరుతిండి. బరువు వీపుకు దూరంగా ఉంటే బ్యాగు వెనక్కి లాగుతుంది. నడుం పట్టీ బిగిస్తే భారం భుజాల మీద కాక నడుం మీద పడుతుంది.

5. తిండి, మందులు

అటుకులు, పల్లీ పట్టీలు, ఖర్జూరాలు, సత్తుపిండి తేలిక, చెడిపోవు, బలమిస్తాయి. ఓఆర్‌ఎస్, పారాసిటమాల్, బ్యాండేజీ, మీరు రోజూ వాడే మందులు ఉండాలి. ఎత్తులో తలనొప్పి, వాంతులు, నీరసం వస్తే దాచుకోకుండా నాయకుడికి చెప్పండి, ఆ రోజు పైకి ఎక్కవద్దు. తగ్గకపోతే కిందికి దిగడమే అసలు మందు. గ్యాస్ డబ్బాలను రైల్లో తీసుకెళ్లడం నిషేధం, అక్కడే కొనుక్కోవాలి. చెత్తంతా మీ బ్యాగులోనే వెనక్కి తేవాలి.

6. డబ్బు తక్కువైతే

గుడారం, స్లీపింగ్ బ్యాగు, పెద్ద బ్యాగు కొననక్కర్లేదు. మనాలి వంటి ఊళ్లలో అద్దెకు దొరుకుతాయి. స్వెట్టరు అన్నయ్యదైనా, ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న పాతదైనా చలికి తేడా తెలియదు. పాత పాలిస్టర్ చీరతో దర్జీ చేత సంచి కుట్టించుకుంటే స్లీపింగ్ బ్యాగు లోపల వేసుకోవచ్చు. డబ్బు పెట్టాల్సింది బూట్ల మీదే. వాటిని కనీసం రెండు వారాలు ముందే తొడుక్కుని నడవాలి. కొత్త బూట్లతో కొండెక్కితే మొదటి రోజే పాదాలు బొబ్బలెక్కుతాయి.

7. ఇక్కడే పరీక్ష

సర్దిన బ్యాగు వేసుకుని తెల్లవారుజామున, ట్రాఫిక్ మొదలుకాక ముందు, కృష్ణానగర్ నుంచి పంజాగుట్ట దాకా నడిచి రండి. తర్వాత హాస్టల్ మెట్లు పదిసార్లు ఎక్కి దిగండి. ఎక్కడ పట్టీ ఒరుసుకుంటుందో, ఏ వస్తువు అనవసరమో మీ భుజాలే చెబుతాయి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

మిత్రులారా! కూలి పనులకు వెళ్లే తల్లిదండ్రుల బిడ్డ ఎవరెస్టు ఎక్కింది. కొండ మన కులం అడగదు, మన ఇంట్లో ఎవరు చదువుకున్నారని అడగదు. మన బట్టలు పొడిగా ఉన్నాయా, బ్యాగులో అవసరమైనవి ఉన్నాయా అని మాత్రమే అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడే, మన గదిలోనే సిద్ధం చేసుకుందాం. ఈసారి నోటీసు బోర్డు మీద శిబిరం ప్రకటన కనిపిస్తే ముందుగా మీ పేరు రాయండి.