మంచు దిగే నెలల్లో పెరడు

లంబసింగి, మినుములూరు పేర్లు టీవీ చలి వార్తల్లో మోగడం మొదలైందంటే మన కొండల మీద పెరటి పని తీరు మారిందనే లెక్క. వలిసె పూల మధ్య ఫొటోలు దిగినవాళ్లు దిగి వెళ్లిపోతారు. పొద్దెక్కినా ఆకుల మీద ఆరని మంచుతో వేగాల్సింది పెరడున్న మనమే. మార్గశిర, పుష్య మాసాలకు నేను చెప్పేదంతా తడి గురించే. దాన్ని మొక్క మొదట్లో ఉండనివ్వండి. ఆకు మీదకు, విత్తనంలోకి, కళ్లంలో ఆరబోసిన కాఫీలోకి రానివ్వకండి.

ముందు టమాటా, బంగాళాదుంప సంగతి. ఆకు అంచున నీళ్లలో నానినట్టు మచ్చ పడి, రెండు మూడు రోజుల్లో నల్లబడి, తెల్లవారుజామున ఆకు అడుగున తెల్లటి బూజు కనబడితే అది ఆకుమాడు తెగులే. చల్లటి వాతావరణం, గంటల తరబడి తడిసిన ఆకు: దానికి కావలసినవి రెండే, ఈ నెలల్లో రెండూ మన దగ్గర దండిగా ఉంటాయి. అందుకే టమాటాకు కర్ర ఊతం కట్టండి. నేల నుంచి జానెడు ఎత్తు వరకు ఆకులు తుంచేయండి. నీళ్లు పొద్దున పూట, చెంబుతో మొదట్లో పోయండి. సాయంత్రం పైనుంచి చిలకరించడం తెగులును చేతులారా పిలవడమే. తెగులు సోకిన ఆకుల్ని పెంటకుప్పలో వేయకుండా తగలబెట్టండి.

మిరియాల పాదులకు వాడే బోర్డో మిశ్రమమే ఇక్కడా పనికొస్తుంది, అయితే మచ్చ రాకముందే కొట్టాలి. లీటరుకు 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం. రెండూ వేరువేరు ప్లాస్టిక్ గిన్నెల్లో, సగం సగం నీళ్లలో కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి వంచుతూ కలపండి. శుభ్రమైన ఇనుప చాకు ముంచి తీస్తే ఎర్రటి పూత అంటిందా, ఇంకొంచెం సున్నం పడాలి. కలిపిన రోజే వాడేయాలి, మర్నాటికి దాస్తే పని చేయదు.

క్యాబేజీ వేసేవాళ్లు మడి అంచున ఆవాలు చల్లండి. క్యాబేజీ నారు నాటడానికి 15 రోజుల ముందు ఒక వరస, నాటిన 25 రోజులకు ఇంకో వరస. ఆకులను జల్లెడ చేసే డైమండ్ బ్యాక్ మాత్ రెక్కల పురుగు ముందు ఆవ మీదే గుడ్లు పెడుతుంది. అక్కడే పురుగుల్ని ఏరేస్తే క్యాబేజీ జోలికి రావడం తగ్గుతుంది. చిక్కుడుకు పట్టే పేనుబంకకు పొయ్యిలో బూడిద చాలు. మంచు ఆరకముందే జల్లితే ఆకుకు అంటుకుని నిలుస్తుంది. ఈ మంచుతో నాకు తెలిసిన లాభం ఇదొక్కటే. అక్షింతల పురుగులు తిరుగుతుంటే ఆ బూడిద కూడా వద్దు, పేనుబంకను అవే తినేస్తాయి.

చలి మరీ ముదిరిన రాత్రుల్లో నారుమడి మీద గడ్డి కప్పి, ఎండ రాగానే తీసేయండి. ఆరోజు మధ్యాహ్నంలోపు నేల తడిపి ఉంచితే పగటి వేడి కొంత నేలలో దాగి రాత్రి మొక్కను కాస్తుంది.

హోమ్‌స్టేలు కట్టి ముందు పచ్చిక పెంచుతున్నవాళ్లకూ ఒక మాట. గరిక జాతి పచ్చిక చలికి పసుపు తిరగడం సహజం. అది చావలేదు, నిద్రపోయింది. యూరియా చల్లి లేపబోకండి. నన్నడిగితే ఆ జాగాలో సగం ధనియాలకు, ముల్లంగికి ఇస్తే అతిథి కంచంలోకైనా వస్తాయి.

రాజ్‌మా నూర్చుకున్నవాళ్లు విత్తనం గింజను పంటి కింద పెట్టి చూడండి. నొక్కుపడితే ఇంకా ఎండాలి, టక్కున విరిగితేనే దాచాలి. బాగా ఎండిన ఆనపకాయ బుర్రలో బూడిద కలిపి పోసి మూతి బిగించండి. పుచ్చు పురుగుకు మన పెద్దల మందు అదే.

ఇక కాఫీ. ఇది తోట సంగతి కదా, పెరటికేమిటి అనకండి. పండు ఆరేది పెరట్లోనే, పురుగు బతికేదీ అక్కడే. 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర మన దేశంలో మొదటిసారి కనబడిన కాయతొలుచు పురుగు 2025లో అరకు లోయలోనూ బయటపడింది. ఆడపురుగు ఆవగింజంత ఉంటుంది. కాయ బొడ్డు దగ్గర సూదితో పొడిచినట్టు రంధ్రం చేసి లోపల గింజలో గుడ్లు పెడుతుంది. కోత అయ్యాక చెట్టున మిగిలిన కాయ, కింద రాలిన కాయ వచ్చే ఏడాది పురుగుకు ఇల్లు. ఒక్కటి కూడా వదలకండి. రంధ్రమున్న కాయల్ని మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచాకే పారేయండి. పండు తొక్క ఒలిచి కడిగిన గింజను, అంటే పార్చ్‌మెంట్‌ను 10 శాతం తేమకు దిగేదాకా ఎండబెట్టండి. అంత ఎండిన గింజలో ఈ పురుగు సంతానం పెరగదు. సాయంత్రం మంచు దిగకముందే టార్పాలిన్ కప్పడం మరిచిపోతే పగలంతా ఎండినది రాత్రికి మళ్లీ తడి పీల్చుకుంటుంది.

బొడ్డు దగ్గర రంధ్రం కనబడితే దాచుకోకండి. కాఫీ బోర్డు వాళ్లకో, ఆర్.వి.నగర్ కాఫీ పరిశోధన కేంద్రానికో కబురు పెట్టండి. వాళ్లు వచ్చి చూసేవరకు ఆ కాయలు పోసిన గోనెసంచిని పక్క ఊరి చుట్టాలకు అరువివ్వకండి.