గొలుసు తెగితే నష్టం రైతుకే
అంటురోగాల కాలంలో పంట సరఫరా ఆగకుండా యంత్రాలు, డ్రోన్లు ఎలా పనికొస్తాయి?

2020 మార్చి 25 గుర్తుంది కదా? ఆ రోజు నుంచి దేశమంతా లాక్‌డౌన్. మన దగ్గర యాసంగి వరి గింజ ముదిరి కోతకు వస్తున్న సమయం అది. బత్తాయి, పుచ్చ, అరటి, టమాటా అమ్మకానికి సిద్ధంగా ఉన్నాయి. పైరు బాగుంది, దిగుబడీ బాగుంది. అయినా ఎన్నో చోట్ల పుచ్చకాయలు చేలోనే కుళ్లాయి, టమాటా చెట్టుమీదే పండి రాలింది. అదే సమయంలో పట్నంలో కూరగాయల కోసం జనం వరుసలు కట్టారు. చేలో సరుకుంది, తినేవాళ్లున్నారు, మధ్యలో గొలుసు తెగింది. చేతికొచ్చిన పంట నోటికందలేదు.

అలాంటి రోజులు మళ్లీ రావని ఎవరూ చెప్పలేరు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు పెద్దలు. యంత్రాలు, డ్రోన్లు ఆ సమయంలో ఎక్కడ ఆదుకుంటాయి, ఎక్కడ ఆదుకోవు, ఎకరం రెండెకరాల రైతు ఇప్పుడే ఏం చేసుకోవాలి అన్నది ఈ వారం పాఠం.

గొలుసు ఎక్కడ తెగింది?

చట్టప్రకారం వ్యవసాయాన్ని ఎవరూ ఆపలేదు. 2020 మార్చి 27న కేంద్ర హోం శాఖ పొలం పనులకు, మార్కెట్ యార్డులకు, యంత్రాల కిరాయి కేంద్రాలకు, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లే కోత మిషన్లకు మినహాయింపు ఇచ్చింది. అయినా పని సాగలేదు. ఎందుకంటే గొలుసులో మనుషులు గుంపుగా చేరాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. మందు కొట్టే కూలీల జట్టు, కోత మిషన్ నడిపే పరాయి రాష్ట్రం డ్రైవర్లు, కాంటా దగ్గర హమాలీలు, యార్డులో వేలం పాట, లారీ ఎక్కించే చోటు. గొలుసు తెగింది సరిగ్గా ఈ ముడుల దగ్గరే.

తెలంగాణ రైస్ మిల్లుల సంగతే చూడండి. వడ్లు దించే హమాలీల్లో చాలామంది బీహార్ వాళ్లు. వాళ్లు లేక దిగుమతి మందగించింది. చివరికి 2020 మే నెలలో ప్రత్యేక రైలు పెట్టి వాళ్లను రప్పించాల్సి వచ్చింది. కాబట్టి ‘ఏ యంత్రం కొనాలి?’ అని కాదు, ‘మన ఊళ్లో ఏ ముడి తెగుతుంది?’ అని ముందు అడగాలి.

డ్రోన్ మోసేదెంత?

డ్రోన్లు పంటను ఎత్తుకెళ్లి పట్నంలో దించుతాయని కొందరు అనుకుంటున్నారు. లెక్క వేయండి. ఒక డ్రోన్ 10 కిలోలు మోస్తుందనుకుంటే, క్వింటా టమాటాకు 10 సార్లు ఎగరాలి. 10 టన్నుల లారీ లోడుకు వెయ్యి సార్లు! ప్రతి కొద్ది నిమిషాలకూ బ్యాటరీ మార్చాలి. కిరాయే సరుకు ధరను మింగేస్తుంది. బరువు మోసేందుకు లారీ, రైలే దిక్కు.

బరువు తక్కువ, తొందర ఎక్కువ ఉన్నవాటికి డ్రోన్ బాగా పనికొస్తుంది. ఆఫ్రికాలోని ఘనా దేశంలో 2020 ఏప్రిల్ నుంచి పల్లెల్లో తీసిన కరోనా పరీక్ష నమూనాలను డ్రోన్లతో పట్నం ల్యాబులకు చేరవేశారు. మన వికారాబాద్‌లో 2021 సెప్టెంబరులో మందులు, టీకాలను డ్రోన్లతో పంపే ప్రయోగం మొదలుపెట్టారు. రేపు పశువుల టీకాలు, రోగం పట్టిన పైరు నమూనాలు ఇలాగే పంపుకోవచ్చు.

రైతుకు డ్రోన్‌తో అసలు లాభం పిచికారీలో ఉంది. జపాన్‌లో పల్లెల్లో మనుషులు తగ్గి, ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. అందుకని 1980 దశకం చివర్లోనే మనిషి ఎక్కని చిన్న హెలికాప్టర్లతో వరికి మందు కొట్టడం మొదలుపెట్టారు. మన దేశంలో 2020లో మిడతల దండు రాజస్థాన్ మీద పడినప్పుడు ఎత్తైన చెట్ల మీద, ట్రాక్టరు పోలేని చోట డ్రోన్లతో మందు చల్లారు. నలుగురైదుగురు పక్కపక్కన నడుస్తూ చేసే పనిని ఇద్దరు దూరంగా నిలబడి చేయగలిగారంటే, అంటురోగం రోజుల్లో దాని విలువ వేరే చెప్పాలా?

పిచికారీలో మెలకువలు

10 లీటర్ల ట్యాంకు ఉన్న డ్రోన్ ఎకరాన్ని సుమారు 10 నిమిషాల్లో ముగిస్తుంది. చేతి పంపుతో ఎకరాకు 200 లీటర్ల దాకా నీళ్లు పడతాయి, డ్రోన్‌కు 10 లీటర్లు చాలు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఉదాహరణకు ఒక మందు ఎకరాకు 200 మిల్లీలీటర్లు వాడాలనుకోండి. చేతి పంపుకు దాన్ని 200 లీటర్ల నీటిలో కలుపుతాం, అంటే లీటరుకు ఒక మిల్లీలీటరు. అదే లెక్కన డ్రోన్ ట్యాంకులో 10 మిల్లీలీటర్లు పోస్తే ఎకరాకు అందాల్సిన మందులో ఇరవయ్యో వంతే అందుతుంది. పురుగు చావదు, డబ్బు పోతుంది. నీళ్లు తగ్గినా ఎకరాకు మందు మోతాదు తగ్గదు. ‘లీటరుకు ఎంత’ అని కాక ‘ఎకరాకు ఎంత’ అని లెక్కించాలి. అలాగని ప్రతి మందూ ఇంత చిక్కగా కొట్టడానికి పనికిరాదు. డ్రోన్‌తో వాడవచ్చో లేదో వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకున్నాకే కలపాలి.

మరికొన్ని జాగ్రత్తలు:

– పైరు తలకు 2, 3 మీటర్ల ఎత్తులో నడపాలి. గాలి ఎక్కువగా ఉన్నా, మిట్టమధ్యాహ్నం ఎండలోనూ కొట్టవద్దు.

– కలుపు మందు తుంపర గాలికి పక్క చేనుపై పడితే ఆ పైరు మాడుతుంది, తగాదా మిగులుతుంది. పక్క రైతుకు ముందే చెప్పాలి.

– చేపల, రొయ్యల చెరువులు, మల్బరీ తోటలు, తేనెటీగల పెట్టెలు ఉన్నచోట దూరం పాటించాలి.

– కరెంటు తీగలు, చెట్లు చూసుకోవాలి. పిచికారీ జరిగే చేలో మనుషులు, పశువులు ఉండకూడదు.

– నడిపే వ్యక్తి గుర్తింపు పొందిన శిక్షణ తీసుకుని ధ్రువపత్రం పొంది ఉండాలి. దేశంలో డ్రోన్ నియమాలు 2021 ఆగస్టులో వచ్చాయి. ధ్రువపత్రం చూపమని అడగడానికి మొహమాటపడవద్దు.

– డ్రోన్ వచ్చింది కదా అని పురుగు లేకున్నా మందు కొట్టించవద్దు.

కల్లం నుంచి కాంటా దాకా

2020 యాసంగిలో తెలంగాణలో ఊరూరా కొనుగోలు కేంద్రాలు పెట్టి, తేదీల వారీగా టోకెన్లు ఇచ్చి వడ్లు కొన్నారు. గుంపు తగ్గింది. అయితే టోకెన్ ఉన్నా తేమ ఎక్కువైతే మళ్లీ ఆరబోయాల్సిందే. మద్దతు ధరకు వడ్లలో తేమ 17 శాతం మించరాదు. తేమ మీటరు ఒకటి ఊరికి ఉంటే కల్లంలోనే చూసుకుని, ఆరిన రోజే బండి కట్టవచ్చు. తాలు తీసే యంత్రం, ఎలక్ట్రానిక్ కాంటా, బస్తాలు ఎక్కించే కన్వేయరు బెల్టు ఉంటే తక్కువ మంది హమాలీలతో పని సాగుతుంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. యంత్రం వస్తే కూలీ పని పోతుందన్న భయంలో నిజముంది. సన్నకారు రైతుల ఇళ్లలో చాలామంది తామూ కూలికి పోయేవాళ్లే. అందుకే ఆ యంత్రాన్ని నడిపే పని, మరమ్మతు పని ఊరి యువకులకు, మహిళా సంఘాలకే దక్కేలా చూసుకోవాలి. మహిళా సంఘాలకు 15,000 డ్రోన్లు ఇచ్చేందుకు, ధరలో 80 శాతం దాకా, 8 లక్షల రూపాయలకు మించకుండా సాయం చేసేందుకు 2023 నవంబరులో కేంద్రం ఒక పథకాన్ని ఆమోదించింది. మీ మండలంలో ఏ సంఘానికైనా డ్రోన్ వచ్చిందేమో కనుక్కోండి.

పాలు ఎందుకు ఆగలేదు?

టమాటా ఆగినంతగా పాలు ఆగలేదు. హోటళ్లు, టీకొట్లు మూతపడి కొన్నిచోట్ల ధర తగ్గింది నిజమే, కానీ సేకరణ నడిచింది. పాల కేంద్రంలో తూకం, వెన్న శాతం యంత్రమే చూసి చీటీ ఇస్తుంది. ఒక్కొక్కరూ వచ్చి పోసి వెళ్తారు. పాలు చల్లార్చే ట్యాంకు ఉంటుంది, మిగిలితే పొడి చేసే ఫ్యాక్టరీ ఉంటుంది. ప్రయాణికుల రైళ్లు ఆగిపోగానే 2020 మార్చి 26 నుంచి రేణిగుంట నుంచి ఢిల్లీకి ప్రత్యేక పాల రైలు నడిపారు. ఒక్కో రైలుకు 40 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు, అంటే 2 లక్షల 40 వేల లీటర్లు. కొలిచే యంత్రం, చల్లటి నిల్వ, కదిలే బండి, ఈ మూడూ ముందే ఉన్నాయి కాబట్టే గొలుసు నిలిచింది. పండ్లకు అలాంటి రైలు ఆలస్యంగా వచ్చింది. అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు మొదలైంది 2020 సెప్టెంబరు 9న. అప్పటికి వేసవి పండ్ల కాలం దాటిపోయింది.

యార్డుకు పోకుండా అమ్మకం

2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ ఆన్‌లైన్ మార్కెట్‌లో, 2020 ఏప్రిల్ 2న కొత్త సౌకర్యాలు చేర్చారు. గుర్తింపు పొందిన గోదాములో సరుకు పెట్టి ఎలక్ట్రానిక్ రసీదు పొందితే అక్కడి నుంచే అమ్మవచ్చు. ఆ రసీదు మీద బ్యాంకు అప్పు కూడా తీసుకోవచ్చు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు తమ కేంద్రం నుంచే సరుకు చూపి అమ్మవచ్చు. పసుపు, మక్కలు, కంది, వేరుశనగ వంటి నిల్వ ఉండే పంటలకు ఇది మేలు. టమాటాకు పనికిరాదు, దానికి దగ్గరి పట్నంలో కొనేవాళ్ల ఫోన్ నంబర్లే బలం.

రెండెకరాల రైతు ఏం చేయాలి?

ఒక్కడుగా డ్రోన్ కొనాల్సిన పని లేదు. చిన్న చెక్కల్లో డ్రోన్ దించుతూ లేపుతూ ఉంటే కాలం వృథా, కిరాయీ ఎక్కువ. పక్కపక్క చేలున్న పది పదిహేను మంది కలిసి, ఒకే పైరు, ఒకే పురుగు ఉన్న 20 ఎకరాలు ఒకే రోజుకు మాట్లాడుకుంటే బేరం కుదురుతుంది. నీళ్లు మోసే కూలి, మందు కొట్టే కూలి, పట్టే రోజులు అన్నీ కలిపి లెక్క చూసుకోండి. గిట్టకపోతే చేతి పంపే మేలు.

వచ్చే కోతల లోపు ఊళ్లో కూర్చుని ఒక నోటు పుస్తకంలో ఇవి రాసి పెట్టుకోండి:

1. కోత మిషన్, డ్రోన్, ట్రాక్టరు నడిపే మన ఊరి వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు. లేకపోతే ఎవరికి శిక్షణ ఇప్పించాలి?

2. తేమ మీటరు, కాంటా, తాలు తీసే యంత్రం ఎవరి దగ్గరున్నాయి? పనిచేస్తున్నాయా?

3. దగ్గరలో గుర్తింపు ఉన్న గోదాము, శీతల గిడ్డంగి ఎక్కడ? ఖాళీ ఎంత?

4. ఏ రైతు పంట ఏ వారంలో కోతకు వస్తుంది?

5. సరుకు కొనే ముగ్గురు వ్యాపారులు, తీసుకెళ్లే రెండు బండ్ల నంబర్లు.

ఈ పుస్తకానికి ఖర్చు ఇరవై రూపాయలు. 2020లో ఇది లేని ఊళ్లో ఎవరికి ఫోన్ చేయాలో తెలియక పంట పోయింది. యంత్రం ఎంత మంచిదైనా పిలిచేవాళ్లు, నడిపేవాళ్లు ఊళ్లో ఉంటేనే పనికొస్తుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే పని మళ్లీ పెట్టుకోవద్దు.