నేర్చిన చేతికి నిబంధన

అందాన్ని తీర్చిదిద్దడం ప్రాచీనమైన కళ. నేడు అది ఎందరికో జీవనోపాధి. రసాయనాలు, పదునైన పరికరాలు నేరుగా శరీరాన్ని తాకుతాయి కనుక ఈ వృత్తిలో అజాగ్రత్త తగదు. అందుకే అమెరికాలోని రాష్ట్రాలు సౌందర్య నిపుణులకు లైసెన్సును తప్పనిసరి చేశాయి.

టెక్సాస్ రాష్ట్రంలో కాస్మెటాలజీ లైసెన్సు కోరేవారికి 17 సంవత్సరాలు నిండాలి. వారు 1000 గంటల శిక్షణ పొంది, పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. లైసెన్సు లభించినంత మాత్రాన బాధ్యత తీరదు. దానిని రెండేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. పరికరాలను ఎప్పటికప్పుడు శుద్ధి చేయాలి.

అయితే నిబంధనకూ ఒక హద్దు ఉండాలి. దారంతో కనుబొమలను తీర్చే థ్రెడింగ్ మన దేశంలో అందరూ ఎరిగినదే. ఇందులో రసాయనాలు లేవు, కత్తులు లేవు, నూలుదారమే సాధనం. అయినా టెక్సాస్ ప్రభుత్వం ఈ పనికి 750 గంటల చర్మసంరక్షణ శిక్షణను విధించింది. 2009లో కొందరు థ్రెడింగ్ నిపుణులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆ శిక్షణలో సుమారు 320 గంటలకు థ్రెడింగ్ భద్రతతో సంబంధం లేదని తేలింది. ఇంతటి భారం రాజ్యాంగ విరుద్ధమని 2015 జూన్ 26న ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆ తీర్పు లైసెన్సు విధానాన్ని రద్దు చేయలేదు. ప్రజారోగ్యాన్ని కాపాడే నిబంధన గౌరవించదగినది; పనికి సంబంధం లేని నిబంధన శ్రమజీవి కూటికి అడ్డుగోడ అవుతుంది.

ప్రశ్నలు:
1. సౌందర్య వృత్తికి లైసెన్సు ఎందుకు అవసరం?
2. థ్రెడింగ్ నిపుణులు న్యాయస్థానాన్ని ఎందుకు ఆశ్రయించారు?