ఎవరు ఎక్కడ ఉన్నారు?

తుపాను హెచ్చరిక రాగానే తీరగ్రామాలలో మొదట జరిగే పని లెక్క చూసుకోవడం. ఎన్ని పడవలు వేటకు వెళ్ళాయి? ఎన్ని తిరిగి వచ్చాయి? రాని పడవలో ఎవరెవరు ఉన్నారు? యానాం, కాకినాడ వైపు పిల్లలకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. పడవ ఏ దిక్కుగా వెళ్ళిందో తెలిస్తేనే వెదకడానికి వీలవుతుంది. ఈ లెక్కనే వృత్తిగా చేసుకొని, రాత్రింబవళ్ళు దానిమీదే కూర్చునేవారు కొందరున్నారు. వారిని నౌకా సమన్వయకర్తలు అంటారు. పేరు బరువైనదే గాని, పని సులువుగా అర్థమయ్యేదే. సముద్రంలో నిలబెట్టిన గాలిమరల దగ్గరికి వెళ్ళే పడవలను, మనుషులను వారు కనిపెట్టుకొని ఉంటారు.

తమిళనాడులో నాగర్‌కోయిల్ వైపు ప్రయాణం చేసినవారు ముప్పందల్ దగ్గర వరుసగా తిరిగే గాలిమరలను చూసే ఉంటారు. అవి నేలమీద ఉన్నవి. సముద్రం మీద చెట్లు, కొండలు, ఇళ్ళు అడ్డురావు కాబట్టి గాలి ఎక్కువ బలంగా, నిలకడగా వీస్తుంది. అందుచేత 1991లో డెన్మార్క్ దేశం విండెబీ అనే చోట, తీరానికి కొద్ది దూరంలో సముద్రంలో 11 గాలిమరలను నిలిపింది. ప్రపంచంలో ఇదే మొదటి సముద్ర పవన విద్యుత్ కేంద్రం. మొత్తం కలిపి దాని శక్తి 5 మెగావాట్ల లోపే. 2017లో దానిని తొలగించారు. ఈలోగా ఆ విద్య ఎంతో దూరం సాగింది. ఇంగ్లండు తూర్పు తీరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో హార్న్‌సీ-1 అనే కేంద్రంలో 174 గాలిమరలు 407 చదరపు కిలోమీటర్ల నీటిపై పరచుకొని ఉన్నాయి. ఒకప్పుడు చేపల వేటకు పేరుపొందిన గ్రిమ్స్‌బీ రేవు ఇప్పుడు ఇటువంటి కేంద్రాల నిర్వహణకు స్థావరమైంది.

గాలిమర ఒకసారి నిలబెడితే తనంత తాను తిరుగుతూ ఉండదు. మరలు బిగించాలి, నూనె మార్చాలి, రెక్కలకు పడిన గాట్లు సరిచేయాలి. నేలమీద అయితే పనివారి జీపు గాలిమర మొదటివరకూ వెళుతుంది. సముద్రంలో ఆ దారి అంతా నీరే. దగ్గరి కేంద్రాలకు ఇరవై, ఇరవై అయిదు మీటర్ల పొడవు గల జంట అడుగుల పడవలు సాధారణంగా 12 మందిని తీసుకొని ఉదయం వెళ్ళి సాయంకాలం వస్తాయి. దూరపు కేంద్రాలకు పెద్ద ఓడలు ఉంటాయి. పనివారు రెండేసి వారాలు వాటిలోనే తిని, నిద్రించి, పనిచేస్తారు. అలలకు ఓడ ఎంత ఊగినా కదలకుండా నిలిచే నడక వంతెన ఒకటి ఆ ఓడ నుండి గాలిమరకు చాచుకుంటుంది.

చిన్న పడవకు అటువంటి వంతెన లేదు. పడవ ముక్కుకు మందమైన రబ్బరు దిమ్మ ఉంటుంది. గాలిమర పునాదికి రెండు నిలువు గొట్టాలు, వాటి మధ్య కొంచెం లోపలికి ఒక నిచ్చెన ఉంటాయి. కెప్టెన్ - మన లాంచీల మీద సరంగు అంటారే, ఆయన - పడవ ముక్కును ఆ గొట్టాలకు ఆనించి ఇంజనును ముందుకే నడుపుతూ ఉంటాడు. రబ్బరు గొట్టాన్ని పట్టుకున్నంతసేపు పడవ ముక్కు పైకీ క్రిందికీ జారదు. పనివాడు తన నడుముపట్టీకి పైనుండి వచ్చే రక్షణతాడును తగిలించుకొని, పడవమీది నావికుడు సైగ చేసిన తరువాతనే నిచ్చెన మీదికి అడుగువేస్తాడు. ఆ ఒక్క అడుగు చాలా ప్రమాదకరమైనది. పెద్ద అల వచ్చి రబ్బరు పట్టు తప్పిందంటే పడవ ఒక్కసారిగా లేస్తుంది, లేదా దిగిపోతుంది. నిచ్చెనను లోపలికి పెట్టడం ఎందుకో ఇప్పుడు తెలిసిందికదా! పడవ లేచినా నిచ్చెన మీది మనిషి నలిగిపోకుండా ఆ గొట్టాలు అడ్డుపడతాయి.

అందుకే అల ఎత్తుకు ఒక హద్దు పెట్టుకున్నారు. చిన్న పడవలకు సాధారణంగా అది ఒకటిన్నర మీటరు. అయితే ఈ అంకె మోసపుచ్చుతుంది. సముద్రశాస్త్రజ్ఞులు అల ఎత్తు అని చెప్పేది, వచ్చే అలలలో ఎత్తైన మూడోవంతు అలల సగటు. అంటే ఒకటిన్నర మీటరని సూచన ఉన్న రోజున ఏదో ఒక అల దాదాపు మూడు మీటర్లు లేవవచ్చు. పైగా ఉత్తర సముద్రంలో నీరు మన సముద్రం వలె వెచ్చగా ఉండదు. చలికాలంలో అందులో పడినవాడికి మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది. కొద్ది నిమిషాలలో చేతివేళ్ళు తాడును కూడా పట్టుకోలేవు. కాబట్టి నీటిలో పడిన సంగతి వెంటనే తెలియాలి.

ఇక సమన్వయకర్త గదిలోకి వెళదాం. ఎదుట తెరలు ఉంటాయి. ఒక తెరమీద పడవలు కదిలే చుక్కలుగా కనిపిస్తాయి. ఓడలు తమ పేరు, స్థానం, వేగం తామే రేడియో ద్వారా ప్రకటించే పరికరం ఉండడంచేత ఇది సాధ్యమైంది. మరొక తెరమీద వాతావరణం. అన్నింటికన్నా ముఖ్యమైనది మనుషుల పట్టిక. రేవులో పడవ ఎక్కేటప్పుడు ఒక్కొక్కరి పేరు అందులో చేరుతుంది. సముద్రంలో ప్రాణరక్షణ, ఎత్తులమీద పని, అగ్నిప్రమాదం, ప్రథమచికిత్స మొదలైనవాటిలో తీసుకున్న శిక్షణకు గడువు తీరలేదని చూసిన తరువాతనే పేరు చేరుస్తారు. పనివాడు పడవ నుండి గాలిమరకు మారగానే కెప్టెన్ రేడియోలో చెబుతాడు. పట్టికలో ఆ పేరు పడవ నుండి గాలిమరకు మారుతుంది. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. ఏ క్షణాన అడిగినా, ఎవరు ఎక్కడ ఉన్నారో ఆ పట్టిక చెప్పగలగాలి. పన్నెండు మందిలో పదకొండు మంది లెక్క సరిపోయిందంటే లెక్క తప్పినట్లే.

రేడియోలో మాట్లాడడం కూడా నేర్చుకోవలసిన విద్యే. 'ఇరవై' అన్నది గాలి హోరులో 'అరవై'గా వినిపిస్తే ఏమవుతుంది? ఇంగ్లీషులో 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' అన్న మాటలకూ ఇదే చిక్కు. అందుచేత నావికులు సంఖ్యను విడి అంకెలుగా చెబుతారు. 15 అయితే 'ఒకటి - అయిదు' అన్నమాట. విన్నవారు విన్నదానిని మళ్ళీ చెప్పాలి. 'సరే' అంటే సరిపోదు.

ఒక రోజు ఇలా జరిగిందనుకుందాం. ఒక పడవ 12 మందిని నాలుగు గాలిమరలమీద ముగ్గురేసి చొప్పున దించింది. సాయంకాలం నాలుగు గంటలకు అలలు ఒకటిన్నర మీటరు దాటుతాయని సూచన వచ్చింది. ఒక గాలిమర నుండి ముగ్గురిని, వారి సామానును దించుకొని మరొకదానికి చేరడానికి అరగంట పడుతుంది. నాలుగింటికి రెండు గంటలు. కాబట్టి రెండు గంటలకు మొదలుపెడితే చాలదా? చాలదు. సూచన ఒక గంట ముందే నిజమైతే చివరి రెండు గాలిమరలమీద ఆరుగురు మిగిలిపోతారు. అందుచేత సమన్వయకర్త ఒంటిగంటకే దించుకు రమ్మంటాడు. పైనున్నవారికి ఇది నచ్చదు. సగం బిగించిన మర, ఇంకొక్క అరగంట ఉంటే అయిపోయే పని. ఆ అరగంట ఇవ్వకపోవడమే ఈ ఉద్యోగంలో కష్టమైన భాగమని నాకనిపిస్తుంది. ఒకవేళ దించలేకపోతే మాత్రం సాహసం చేయరు. రాత్రి గాలిమరలోనే ఉండిపోవలసి వస్తే కావలసిన ఆహారం, మంచినీరు, పడుకొనే సంచులు ముందుగానే అక్కడ ఉంచుతారు.

సమన్వయకర్త కెప్టెన్‌కు యజమాని కాడు. పడవను ఆనించవచ్చునా, లేదా అన్న తుది నిర్ణయం పడవమీద ఉన్న కెప్టెన్‌దే. నిచ్చెన ఎక్కవలసినవాడు 'నాకు ఇది క్షేమంగా తోచడం లేదు' అన్నా పని ఆగుతుంది. అయితే ఒక పడవకు తెలియనిది మరొక పడవ చేస్తూ ఉండవచ్చు. ఒకచోట క్రేను బరువు లేపుతూ ఉంటుంది, మరొకచోట గజ ఈతగాళ్ళు నీటి అడుగున ఉంటారు. వారికి దగ్గరగా ఏ పడవ మర తిరిగినా ప్రాణాపాయమే. ఈ పనులన్నీ ఒకేచోట కనిపించేది సమన్వయకర్త పట్టికలోనే.

దీపం ఆరిపోయిన గాలిమర కూడా పట్టికకు ఎక్కవలసిందే. 2012 నవంబరు 21న ఇంగ్లండులోని షెరింగ్‌హామ్ షోల్ కేంద్రంలో ఐలండ్ పాంథర్ అనే పడవ చీకటిలో, దీపం వెలగని ఒక గాలిమర పునాదిని గుద్దుకుంది. లోపలివారు గాయపడ్డారు. ఆ పడవ అక్కడ పనిచేసేదే, దారి తెలిసినదే.

బయటి ఓడల విషయం వేరు. 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం ఇటువంటి కట్టడాల చుట్టూ 500 మీటర్ల వరకు రక్షణ వలయం ఏర్పరచుకోవచ్చు. కాని తెగిన లంగరుకు చట్టం తెలియదు. 2022 జనవరి 31న కోరీ తుపాను గాలికి, నెదర్లాండ్స్‌లోని ఐముయిడెన్ రేవు వెలుపల నిలిచి ఉన్న జూలియెట్టా డి అనే సరుకు ఓడ లంగరు పట్టు తప్పింది. అది పెచోరా స్టార్ అనే ట్యాంకరును ఢీకొన్నది. ఓడలోకి నీరు రావడంతో 18 మంది నావికులను హెలికాప్టర్లలో తరలించారు. ఆ తరువాత మనిషి లేని ఆ ఓడ, నిర్మాణంలో ఉన్న హాలండ్సే కుస్ట్ జౌడ్ పవన విద్యుత్ కేంద్రంలోకి కొట్టుకుపోయి పునాదులను తాకింది. చివరకు దానిని కట్టి రాటర్‌డామ్‌కు లాగుకొని వెళ్ళారు. రేడియోలో ఎంత పిలిచినా ఖాళీ ఓడ పలకదు. దాని దారి చూసి, ఆ దారిలో మనుషులు ఉంటే ముందుగా తప్పించడమే చేయగలిగింది.

రక్షణకు హెలికాప్టరు వస్తే తిరిగే రెక్కలే దానికి శత్రువులు. కాబట్టి కోరిన గాలిమరలను ఒడ్డు నుండే ఆపి, రెక్కలు కదలకుండా నిలపాలి. ప్రతి గాలిమరకూ దూరం నుండి చదవగలిగేటంత పెద్ద గుర్తు వ్రాసి ఉంటుంది. నీటిపై భాగానికి పసుపురంగు వేస్తారు.

మన దేశంలో సముద్ర పవన విద్యుత్ విధానం 2015లో వెలువడింది. గుజరాత్ తీరాన 500, తమిళనాడు తీరాన 500 మెగావాట్ల కేంద్రాలకు తోడ్పడే పథకాన్ని 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఆ నీళ్ళలో వేటాడే చిన్న పడవలెన్నింటికో తమ స్థానం ప్రకటించే పరికరాలు లేవు. పరికరం లేని పడవ ఆ తెరమీద చుక్కగా కనిపించదు. అక్కడ కూర్చోబోయే సమన్వయకర్తకు రాడారుతోపాటు జాలరుల రేవులలో పరిచయాలు, వారి భాష కూడా కావాలి.

చీకటి పడింది. చివరి పడవ రేవుకు చేరి, పన్నెండో మనిషి ఒడ్డుమీద అడుగుపెట్టాడు. పట్టికలో ఆ పేరు ఎదుట గుర్తు పడింది. పగటి సమన్వయకర్త లేచి, రాత్రివారికి పట్టిక అప్పగించి, దూరపు ఓడలో నిద్రిస్తున్న వారి సంఖ్యను చదివాడు. విన్నవారు ఆ సంఖ్యను విడి అంకెలుగా మళ్ళీ చెప్పారు.

అభ్యాసం

క్రింది ప్రశ్నలకు జవాబులు వ్రాయండి.
1. గాలిమర నిచ్చెనను గొట్టాల మధ్య లోపలికి ఎందుకు అమర్చుతారు?
2. పాఠంలోని లెక్కలో అయిదు గాలిమరలు ఉంటే సమన్వయకర్త ఎన్ని గంటలకు పడవను పంపాలి? కారణం చెప్పండి.
3. జూలియెట్టా డి ఓడ ప్రమాదాన్ని మీ సొంత మాటలలో వ్రాయండి.
4. మీ ఊరి రేవులో గాని, బస్సు ప్రయాణంలో గాని మనుషుల లెక్క ఎలా చూస్తారో పెద్దలను అడిగి తెలుసుకొని పది వాక్యాలు వ్రాయండి.
5. 'ఒక్కొక్కరు', 'ఎవరెవరు' - ఈ పదాలను విడదీసి సంధి పేరు వ్రాయండి.